ఐజక్ పుస్తకంలో మార్గరెట్ పేరు

టాస్మానియా వెళ్ళొచ్చానంటే మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మావాళ్ళంతా ఒకటే అడిగారు: "పెంగ్విన్లను చూశావా?" చూడలేదు. "మరి ఐదు రోజులూ ఏం చేశావు?" చెప్పబోయేసరికి ఎవరో బార్బెక్యూ పొయ్యి మీది చికెన్ ముక్కలు తెచ్చి ప్లేట్లో వేసేవారు. మాట మారిపోయేది. నలుగురి మధ్య నిలబడి చెప్పే సంగతి కూడా కాదది. అందుకే కూచుని రాస్తున్నాను.

నేను వెళ్ళింది మా పక్కింటి మార్గరెట్‌ను తీసుకుని. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు. స్కూలు లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. నేను రక్తపరీక్షల సెంటర్లో రక్తం తీసే పని చేస్తాను. ఆవిడతో మొదటి పరిచయం అక్కడే. నరం దొరక్క మూడుసార్లు పొడిచినా ఆవిడ కిక్కురుమనలేదు. "మా ఇంట్లో నొప్పికి అరవడం నేర్పలేదు," అంది. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే మా పక్కిల్లే ఆవిడది. మా అమ్మాయి తన్వి పుట్టిన దగ్గర్నించీ ఆవిడ ఒళ్ళోనే పెరిగింది. ఏటా మార్గరెట్ పుట్టినరోజుకు కేకు తన్వే చేస్తుంది.

మార్గరెట్ వంశం వాళ్ళు క్వేకర్లు. క్రైస్తవుల్లో అదొక చిన్న శాఖ. వాళ్ళ ప్రార్థనలో పూజారి ఉండడు, పాట ఉండదు, గంట ఉండదు. అందరూ ఒక గదిలో చేరి మౌనంగా కూచుంటారు. ఎవరికైనా లోపలినుంచి మాట వస్తే లేచి చెప్తారు, రాకపోతే లేదు. యుద్ధం చేయరు. కోర్టులో కూడా ఒట్టు వేయరు. మామూలుగా చెప్పేదే నిజమైనప్పుడు విడిగా ఒట్టెందుకని వాళ్ళ వాదన. రాజు ఎదుటైనా టోపీ తీయబోమన్నందుకు ఇంగ్లండులో వాళ్ళను జైళ్ళలో కుక్కారు. ఆ బాధ పడలేక మూడు వందల ఏళ్ళ కిందట ఎంతోమంది ఓడలెక్కి అమెరికాలోని పెన్సిల్వేనియాకు వెళ్ళిపోయారు. అలాంటి ఒక ఓడలో థామస్, మేరీ అనే దంపతులతో వెళ్ళిన పిల్లవాడు ఐజక్. మార్గరెట్ వంశానికి మూలపురుషుడు అతనే. తర్వాత ఎన్నో తరాలకు అతని సంతతిలో ఒకరు టాస్మానియా వచ్చి భూమి కొన్నారు. వాళ్ళ ఇంటిపేరు రాయవద్దని మార్గరెట్ అడిగింది, రాయను.

రిటైరైన నాటినుంచీ మార్గరెట్‌కు ఐజక్ పిచ్చి. తననుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఐజక్ దాకా కాగితాలన్నీ సంపాదించింది. అక్కడ ఒక ముడి పడింది. ఇంగ్లండు రిజిస్టరు ప్రకారం ఓడెక్కిన ఐజక్‌కు తొమ్మిదేళ్ళు. పెన్సిల్వేనియా కాగితాల ప్రకారం అదే ఏడాది ఓడ దిగిన ఐజక్‌కు ఆరేళ్ళు.

"సముద్రం మీద మూడేళ్ళు ఎక్కడికి పోయాయి వసూ?" అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో.

కిందటేడు ఆవిడ పెదనాన్న కొడుకు విల్‌ఫ్రెడ్ ఇంకా బతికే ఉన్నాడని, టాస్మానియాలో పాత ఇంట్లోనే ఉంటున్నాడని తెలిసింది. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. మార్గరెట్ చిన్నప్పుడే వాళ్ళ నాన్న అన్నదమ్ములతో తెగతెంపులు చేసుకుని మెల్‌బోర్న్ వచ్చేశాడు. మళ్ళీ రాకపోకల్లేవు. "ఉత్తరం రాసి చూడండి, పోయేదేముంది," అని నేనే పోరాను. నేనే తీసుకెళ్ళి పోస్టులో వేశాను. పది రోజులకు జవాబు వచ్చింది, వణికే అక్షరాలతో.

"ఓడలో మొదలుపెట్టిన పుస్తకం నా దగ్గర ఉంది. పోస్టులో పంపను. వచ్చి చూడు. నాకు నీ ముఖం చూడాలని ఉంది."

ఎంత ఆప్యాయమైన ఉత్తరం అనుకున్నాను.

ఓడ మీద

జీలాంగ్ నుంచి పగటి ఓడ ఎక్కాం. కారును కింది అంతస్తులో పెట్టి, కిటికీ పక్కన బల్ల చూసుకుని కూచున్నాం. పులిహోర డబ్బా విప్పగానే పక్క బల్ల మీది లారీ డ్రైవరు ముక్కు ఎగబీల్చి, "అదేంటో గానీ నా శాండ్‌విచ్‌కు ఇస్తారా?" అన్నాడు. సగం ఇచ్చాం. ఓడలో ఒక కాఫీ ఆరు డాలర్లు. రూపాయల్లోకి మార్చుకోవడం మానేసి పదేళ్ళైనా, ఓడెక్కగానే ఆ జబ్బు మళ్ళీ వచ్చింది.

తీరం కనుమరుగయ్యాక పొగమంచు దిగింది. కిటికీ అద్దానికి తెల్లటి గుడ్డ కట్టినట్టైంది. ఓడ కదులుతోందో ఆగిందో తెలియడం లేదు. మార్గరెట్ సంచిలోంచి ఒక ఫోటో తీసింది. రాతి మెట్ల మీద మూడేళ్ళ పాప, ఒళ్ళో నల్లకుక్క తల. అది తన చిన్నప్పటి ఫోటో అట. ఇంట్లో ఉన్నది అదొక్కటే.

"ఈ కుక్క నాకు గుర్తులేదు. ఆ ఇల్లూ గుర్తులేదు. నాకు పెద్ద జబ్బు చేసిందని, చాలాకాలం ఆసుపత్రిలో ఉండి అంతా మరిచిపోయానని అమ్మ చెప్పేది. గుర్తున్నదల్లా ఒక పొడుగాటి గది, వరసగా ఇనప మంచాలు, అంచు ఊడిన రేకు గ్లాసు."

"మీ అమ్మ మంచిదేనా?" అని అడిగాను.

"చాలా మంచిది. ఒక్క సంగతి మాత్రం చెప్తాను. నన్ను పిలిచి, నేను వచ్చి నిలబడితే, చూపు కాస్త పక్కకు ఉండేది. నా భుజం వెనక ఇంకెవరో వస్తున్నట్టు. నేను కూడా తిరిగి చూసుకునేదాన్ని." ఆవిడ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. డ్రైవరు తన కాఫీ తీసుకుని వేరే బల్లకు వెళ్ళిపోయాడు.

డెవన్‌పోర్ట్‌లో కరివేపాకు

ఓడ దిగగానే తనిఖీ. టాస్మానియాలోకి పళ్ళు, ఆకులు తీసుకుపోకూడదు. నాకు యాపిల్ పళ్ళ సంగతి తెలుసు గానీ, మా పెరట్లో కోసి తడిగుడ్డలో చుట్టుకొచ్చిన కరివేపాకు మాట తట్టలేదు. ఒక కుక్క వచ్చి నా సంచి పక్కన బుద్ధిగా కూచుంది. యూనిఫామ్ వేసుకున్న అమ్మాయి ఆ కట్టను రెండు వేళ్ళతో ఎత్తి, "ఇదేంటి?" అంది. "వాసన కోసం," అన్నాను. నేరస్థురాలిని చూసినట్టు నన్నొక చూపు చూసి డబ్బాలో పడేసింది. మాగాయ జాడీని మాత్రం తిప్పి తిప్పి చూసి వదిలేసింది.

మర్నాడు తూర్పు తీరానికి కారులో బయల్దేరాం. దారిలో ఒక బేకరీలో ఆగి 'స్కాలప్ పై' అనేది తిన్నాం. స్కాలప్ అంటే ఒక రకం ఆల్చిప్ప మాంసం. దాన్ని పసుపు పచ్చటి కూరలో ఉడికించి, పిండి గిన్నెలో పెట్టి కాలుస్తారు. తొమ్మిది డాలర్లు. కూర అంటే వీళ్ళకు పసుపు, కాస్త తీపి. మాగాయ ముక్క నంజుకుంటే అద్భుతంగా ఉంది.

తర్వాత దారంతా నిర్మానుష్యం. ఎండిన గడ్డి కొండలు, గొర్రెలు, మధ్యలో పైకప్పు లేని ఇటుక ఇళ్ళు. ఒక మలుపులో గొర్రెల మంద రోడ్డుకు అడ్డంగా నిలబడింది. హారన్ కొట్టాను, కదలలేదు. మార్గరెట్ కిటికీ దించి ఊరికే చూసింది. అన్నీ తలలెత్తి ఆవిడ వైపే చూస్తూ, రెండుగా చీలి దారి ఇచ్చాయి. ఆవగింజంత విషయమే. అయినా నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

స్వాన్సీలో స్వరూప

స్వాన్సీ సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. అఖాతానికి అవతల గులాబిరంగు రాతి కొండలు నీళ్ళలోంచి లేచినట్టుంటాయి. మేం దిగిన మోటెల్ వంటగదిలోంచి పోపు వాసన వచ్చింది. లోపలికి తొంగి చూస్తే కరీంనగర్ అమ్మాయి, స్వరూప. లాన్సెస్టన్‌లో యూనివర్సిటీకొచ్చి చదువుకుని, పెళ్ళయ్యాక భర్తతో కలిసి ఈ మోటెల్ నడుపుతోంది.

"ఏ ఊరక్కా మీది? చీరాల దిక్కా? ఇక్కడ తెలుగు మాట విని సిక్స్ మంత్స్ అయింది," అంటూ మాకు పప్పుచారు పోసింది. మార్గరెట్ రెండుసార్లు పోయించుకుంది. ఎక్కడికి వెళ్తున్నామో చెప్పేసరికి స్వరూప గరిటె ఆగింది.

"గా ముసలాయన ఇంటికా? నేనొకసారి పోయిన, సండే పొద్దుగాల, కేటరింగ్ డెలివరీకి. డోర్ ఓపెన్ ఉండె. లోపట ఐదుగురు గోడకానుకొని కూసున్నరు, కండ్లు మూసుకొని. హలో అన్న. ఎక్స్‌క్యూజ్ మీ అన్న. ఉలుకు లేదు పలుకు లేదు. అందరు ఒక్కసారే పోయిన్రనుకున్న అక్కా! అంబులెన్స్ కోసం ట్రిపుల్ జీరోకి కాల్ కొడ్తుంటే ఒకామె కన్ను తెరిచి, 'టేబుల్ మీద పెట్టు లవ్' అన్నది. మళ్ళ కన్ను మూసుకున్నది."

మార్గరెట్‌కు ఇంగ్లీషులో చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. "మావాళ్ళే," అంది గర్వంగా.

విల్‌ఫ్రెడ్ ఇల్లు

శనివారం పొద్దున వెళ్ళాం. సముద్రానికి ఎదురుగా వాలు మీద ఒంటరి రాతి ఇల్లు. ఫోటోలోని మెట్లే. మార్గరెట్ కారు దిగి, ఫోటో తీసి మెట్ల పక్కన పట్టుకుని పోల్చి చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

విల్‌ఫ్రెడ్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, చేతికర్ర, బొత్తాలన్నీ పెట్టుకున్న బూడిదరంగు కోటు. నాతో చెయ్యి కలిపాడు. మార్గరెట్ ముఖం వైపు మాత్రం చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

"నువ్వు మాలో ఎవరి పోలికా కాదు," అన్నాడు చివరికి.

అతను నన్ను 'యూ' అన్నాడు, ఆవిడను పాత ఇంగ్లీషులో 'నువ్వు' అనే అర్థంతో 'దీ' అన్నాడు. క్వేకర్లు పూర్వం రాజునూ కూలివాణ్ణీ ఒకేలా అలా పిలిచేవారట. మన కలెక్టర్‌నూ పాలేరునూ ఒకే నోటితో 'నువ్వు' అన్నట్టు. ఇప్పుడు ఆ మాట పోయింది. కొన్ని పాత ఇళ్ళలో మాత్రం అయినవాళ్ళ మధ్య మిగిలిందని మార్గరెట్ తర్వాత చెప్పింది.

ఇంట్లో అద్దాల్లేవు, పటాల్లేవు. తెల్లసున్నపు గోడలు, చెక్క బల్లలు. మాట్లాడితే మాట వెళ్ళి గోడకు తగిలి తిరిగొస్తోంది. వంటింటి గుమ్మానికి పెన్సిల్ గీతలున్నాయి. ఇంట్లో పిల్లల ఎత్తులు, పక్కన పేరులో మొదటి అక్షరం. విల్‌ఫ్రెడ్ గీతలు మెట్లమెట్లుగా నా తలను దాటిపోయాయి. మార్గరెట్ గీతలు మూడే. చివరిది నా నడుము కిందే ఆగిపోయింది.

"వసూ, ఇదిగో నేను!" అని మార్గరెట్ వంగి ఆ గీత మీద అరచెయ్యి పెట్టింది.

విల్‌ఫ్రెడ్ అటు తిరిగి కెటిల్‌లో నీళ్ళు పట్టసాగాడు. అది నిండి పొర్లుతున్నా కుళాయి కట్టలేదు.

పుస్తకం

పుస్తకం ఉన్ని గుడ్డలో చుట్టి ఉంది. నాలుగు వేళ్ళ మందం, తోలు అట్ట. దాని మీద చెయ్యి పెట్టి విల్‌ఫ్రెడ్ అన్నాడు: "నువ్వు ఐజక్ గురించి అడిగావు. కానీ ముందు చివరి పేజీ చూడాలి. నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. ఇందాక ఆ గుమ్మం దగ్గర నీ ముఖం చూశాక తెలియదని అర్థమైంది. క్షమించు."

చివరి పేజీలో మార్గరెట్ అమ్మానాన్నల పేర్లు. కింద ఒకే బిడ్డ. మార్గరెట్, పుట్టిన రోజు, నెల. తన్వి ఏటా కేకు చేసే రోజే. నెలకు పేరు రాయలేదు, నాలుగో నెల అని ఉంది. క్వేకర్లు నెలలకూ వారాలకూ దేవతల పేర్లు వాడరు. మన ఆదివారం, సోమవారం లాంటి గ్రహాల పేర్లు వాళ్ళకు పనికిరావు. ఆదివారం మొదటి రోజు, అంతే.

దాని కింద ఇంకో వరుస ఉంది. మార్గరెట్ కళ్ళద్దాలు సరిచేసుకుని పైకి చదివింది: "వెళ్ళిపోయినది రెండో నెలలో, నాలుగో ఏట, గొంతువాపుతో."

చదివిన గొంతు ఆవిడదే. చదువుతున్నది తన చావు.

"ఇది ఇంకో మార్గరెట్టా?" అంది.

"ఈ ఇంట్లో ఒక్క మార్గరెట్టే. శవపెట్టెకు ఒక పక్క నేను పట్టుకున్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు," అన్నాడు విల్‌ఫ్రెడ్. ఇక ఆపకుండా, బల్ల వైపే చూస్తూ చెప్పాడు. "మీ అమ్మ నెల రోజులు మంచం దిగలేదు. ఒకరోజు మీ నాన్న హోబర్ట్ వెళ్ళాడు. అనాథ పిల్లల ఇంటినుంచి నిన్ను తీసుకొచ్చాడు. మీ అమ్మ లేచి వచ్చి, నీకు ఆ పాప గౌను తొడిగి, మార్గరెట్ అని పిలిచింది. నువ్వు ఎవర్నో పిలుస్తున్నారని వెనక్కి చూశావు. మా అమ్మ తట్టుకోలేకపోయింది. 'చచ్చినవాళ్ళ పేరు బతికినదానికి తొడుగుతారా' అని పెద్ద గొడవైంది. రెండు రోజులకే మీరు వెళ్ళిపోయారు. ఆ ఫోటో నీది కాదు. నువ్వు ఆ కుక్కను చూస్తే ఏడ్చేదానివి."

"ఆసుపత్రి…" అంది మార్గరెట్.

"ఆసుపత్రి కాదు."

నేను తెలియకుండానే ఆవిడ మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నాను. ఉత్తరాన్ని డబ్బాలో వేసింది ఈ చెయ్యే కదా అనిపించింది. వదిలేస్తే పోయేది. ఈ వయసులో మనిషికి తన పుట్టుక లాక్కునే హక్కు నాకెవరిచ్చారు?

"అయితే నేనెవర్ని?" అని అడిగింది.

"నాకు తెలియదు. చెప్పగలిగేవాళ్ళంతా పోయారు." విల్‌ఫ్రెడ్ పుస్తకాన్ని మొదటి పేజీకి తిప్పాడు. "ఇప్పుడిది చదువు. ఇలాంటిది మన ఇంట్లో ఇది మొదటిసారి కాదు."

థామస్ ఓడలో రాసిన పేజీ అది. సిరా గోధుమరంగుకు తిరిగింది. మార్గరెట్‌కు పాత రాత చదవడం అలవాటే. వేలు పెట్టి, ఆగి ఆగి చదివింది. మా ఐజక్‌ను జ్వరం తీసుకుపోగా సముద్రానికి ఇచ్చాం. ఏడు రోజుల తర్వాత, తల్లీ తండ్రీ ఇదే ఓడలో చనిపోయిన ఒక చిన్న పిల్లవాణ్ణి తెచ్చుకున్నాం. వాడు తన పేరు చెప్పడం లేదు. మేరీ వాణ్ణి ఐజక్ అని పిలుస్తోంది. వాడు పలుకుతున్నాడు.

మూడేళ్ళు దొరికాయి. ఎక్కిన ఐజక్ వేరు, దిగిన ఐజక్ వేరు.

"చూశావా, మేమందరం అతని సంతానమే," అన్నాడు విల్‌ఫ్రెడ్, ఊరటగా చెప్తున్నట్టు. "రక్తం చూస్తే నేనూ ఈ ఇంటివాణ్ణి కాను."

మార్గరెట్ తల ఎత్తలేదు. "వాణ్ణెవరైనా అడిగారా?" అంది.

"ఏమని?"

"నీ పేరేంటని. రెండోసారి."

విల్‌ఫ్రెడ్ పుస్తకాన్ని మూసి మళ్ళీ ఉన్ని గుడ్డలో చుట్టాడు. మేం లేచి వచ్చేశాం.

మోటెల్ గదిలో ఆవిడ దుప్పటి కప్పుకుని కూచుంది. స్వరూప పెరుగన్నం పంపింది, ముట్టలేదు. నాకేం చెప్పాలో తెలియక మా తాత సంగతి చెప్పాను. ఆయన తల్లికి నలుగురు పిల్లలు వరసగా పోతే, ఐదోవాడు పుట్టగానే ఎంగిలి విస్తరాకులో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టారు. ఒక ముసలమ్మ వాణ్ణి తీసుకుని, మళ్ళీ చేటెడు తవుడుకు మా వాళ్ళకే అమ్మింది. వీడు పారేసిన సరుకు, తీసుకుపోవడానికి పనికిరాడని యముణ్ణి మోసం చేయడం. అందుకే ఆయన పేరు పుల్లయ్య. పుల్లాకంటే ఎంగిలాకు. ఎనభై ఏళ్ళు బతికాడు.

మార్గరెట్ శ్రద్ధగా విన్నది. "మీ తాత అదృష్టవంతుడు," అంది. "ఎంగిలాకైనా ఆ పేరు తనదే."

మొదటి రోజు

ఆదివారం పొద్దున ఇంటికి వెళ్ళిపోదామంటుందనుకున్నాను. ఆవిడ నాకంటే ముందే తయారై కూచుంది. "వాళ్ళ మౌనంలో కూచోవాలి. అంతే," అంది.

ఆ గదిలో విల్‌ఫ్రెడ్, ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు, ఒక రైతూ ఆయన భార్యా ఉన్నారు. గోడల వెంట కుర్చీలు. ఎవరూ మొదలుపెడదామని చెప్పలేదు. నిశ్శబ్దం తానే వచ్చి కూచుంది. మనకు దేవుడంటే గంట, మైకు, భజన, కొబ్బరికాయ పగిలిన చప్పుడు. ఇక్కడ మొదటి పావుగంట నా కడుపులో గుడగుడలే విన్నాను. తర్వాత అవీ ఆగిపోయాయి. కిటికీ అవతల పొగమంచు సముద్రాన్ని మింగేసింది. ఆ గదిలో లెక్కకు ఏడుగురం. అయినా ఎవరో ఇంకొకరు కూచున్నట్టు, లెక్క ప్రతిసారీ తప్పుతున్నట్టు అనిపించి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను.

అప్పుడు విన్నాను. "రూబీ."

చిన్న గొంతు. ఎవరో పాపను ఆటలోంచి ఇంకో పాప పిలిచినట్టు. నేను కళ్ళు తెరిచి మార్గరెట్ వైపు చూశాను. ఆవిడ కళ్ళు అప్పటికే తెరిచి ఉన్నాయి. పెదవులు మూసుకునే ఉన్నాయి. చూస్తుండగా మెల్లగా విడివడ్డాయి.

"రూబీ," అంది మార్గరెట్ పైకి. "మంచాల గదిలో నన్ను రూబీ అనేవారు."

నేను రాస్తున్నది జరిగిన వరసలోనే. ముందు నేను విన్నాను. ఆ తర్వాత ఆవిడ పెదవులు కదిలాయి.

గంట నిండాక విల్‌ఫ్రెడ్ పక్కవాళ్ళతో చేతులు కలిపాడు. మౌనం ముగిసిందనడానికి అదే గుర్తట. తర్వాత, "మొదటి మార్గరెట్‌ను చూస్తావా?" అని మార్గరెట్‌ను అడిగాడు.

సరుగుడు చెట్ల కింద

ఇంటి వెనక వాలు మీద సరుగుడు చెట్లు. అచ్చంగా మా వేటపాలెం ఒడ్డున ఉండే జాతి కాదు గానీ, గాలికి చేసే చప్పుడు అదే, ఎవరో దూరంగా ఊపిరి పీలుస్తూ ఆపనట్టు. వాటి కింద కుటుంబ శ్మశానం. ఒక్క రాయి లేదు, ఒక్క పేరు లేదు. చనిపోయాక ఒకరు ఎక్కువా ఒకరు తక్కువా కాకూడదని ఈ ఇంటివాళ్ళు ఎన్నడూ రాళ్ళు పెట్టలేదట. చదునైన గడ్డి మాత్రమే.

"నా వెనకే నడవండి," అన్నాడు విల్‌ఫ్రెడ్. కర్ర ఊతతో ఒక అడుగు కుడికి, ఒక పెద్ద అంగ ముందుకు, మళ్ళీ ఎడమకు. కనిపించని మనుషులను దాటుకుంటూ నడిచాడు. అతని అడుగులో అడుగు వేస్తూ నడిచాం. నా చెప్పు జారి ఒకచోట పక్కన పడింది, ఎవరి కాలో తొక్కినట్టు "సారీ" అనేశాను. ఎవరూ నవ్వలేదు.

ఒకచోట అతను పెద్ద అంగ వేయలేదు. చిన్న అడుగు వేసి దాటాడు. మార్గరెట్ ఆగిపోయింది. ఆ చిన్న అడుగంత నేల ముందు, నా భుజం పట్టుకుని మోకాళ్ళ మీద కూచుంది. గడ్డిని చేత్తో రాసింది.

"నీ పుట్టినరోజులు నేను చేసుకున్నాను," అంది. "నీ గౌన్లు తొడుక్కున్నాను. మీ అమ్మ నీ వైపే చూసేది. నాకు తెలియదు. నువ్వు పక్కనే ఉన్నావని నాకు తెలియదు."

గాలి పూర్తిగా ఆగింది. సరుగుడు చెట్లు ఊపిరి బిగబట్టినట్టు నిలబడ్డాయి. ఎంతసేపో చెప్పలేను. మళ్ళీ కదిలినప్పుడు మార్గరెట్ తనే లేచింది, నా సాయం లేకుండా.

ఇంట్లోకి వచ్చాక విల్‌ఫ్రెడ్ సిరా పెన్ను తీశాడు. "రాయాలి. కానీ నిజమని తెలియనిది ఈ పుస్తకంలో రాయను. రూబీ నీ పేరేనని నీకు తెలుసా?"

"తెలుసు," అంది మార్గరెట్.

అతను నా వైపు తిరిగాడు. ఒట్టు వేయమనలేదు. ఊరికే చూశాడు. నేను రక్తం గొట్టాల మీద పేర్లు అంటించే మనిషిని. రుజువు లేనిదాన్ని కాగితం మీద పెట్టనివ్వను. ఇక్కడ నా దగ్గర ఏ రుజువూ లేదు. విన్నాననడం పిచ్చితనం. వినలేదనడం అబద్ధం.

"ఆవిడ అనకముందే నేను విన్నాను," అన్నాను.

అతను తల ఊపి రాశాడు. రాయడానికి చాలాసేపు పట్టింది. రూబీ. ఎక్కడ పుట్టిందో, ఎవరికి పుట్టిందో తెలియదు. ఆమెను మార్గరెట్ అని పిలిచాం. మూడో నెలలో, మొదటి రోజున, ఆమెను అడిగి తెలుసుకున్నాం.

మార్గరెట్ 'అడిగి' అన్న మాట మీద వేలు పెట్టి సిరా ఆరేదాకా అలాగే కూచుంది. సిరా వేలికి అంటింది. కడుక్కోలేదు.

తిరుగు దారి

బయల్దేరేటప్పుడు స్వరూప చపాతీలు కట్టిచ్చింది. కరివేపాకు రెబ్బ కూడా ఇవ్వబోయి, "మీ దిక్కు ఓకేనా అక్కా ఇది?" అని అడిగింది. ఓకేనో కాదో నాకూ తెలియదు, వద్దన్నాను. ఈసారి సముద్రం తేటగా ఉంది. నాకు వాంతులయ్యాయి, మార్గరెట్‌కు కాలేదు. ఆవిడ చపాతీలు రెండూ తిని, నా వంతుది కూడా తింది.

మధ్యలో తన్వి వీడియో కాల్ చేసింది. జరిగినదంతా ముందే ఫోన్లో చెప్పి ఉంచాను. అది తెలుగు అర్థం చేసుకుని ఇంగ్లీషులోనే బదులిస్తుంది, మార్గరెట్‌ను 'నాన్' అంటుంది, అమ్మమ్మ అని.

"సో వాట్ డు ఐ కాల్ యూ నౌ, నాన్?" అని అడిగింది. "రూబీ?"

మార్గరెట్ ఆలోచించింది. నేనూ అదే అడగాలనుకుంటూ ఆదివారం నుంచీ అడగలేకపోయాను.

"మార్గరెట్ అనే పిలు," అంది. "కాకపోతే ఇకనుంచి కాస్త మెల్లగా. ఆ పేరుకు పలికేవాళ్ళం ఇద్దరం ఉన్నాం."